బ్రాలో పెట్టుకునే పాల పంపు: ఆఫీసులో చేరేలోపు కొనాలి, వాడినవాళ్ళు చెప్పండి

నిజాంపేట_అమ్మ | ఏప్రిల్ 7, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగు నెలల పది రోజులు. ఈ నెలాఖరుతో సెలవు అయిపోతుంది, మూడు వారాల్లో గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్ళాలి. ఉదయం 8కి క్యాబ్ ఎక్కితే సాయంత్రం 6:30కి ఇల్లు. ఇప్పటిదాకా పాపకి పూర్తిగా నా పాలే. ఇంట్లో చేత్తో నొక్కే పంపు ఒకటుంది. అరగంట నొక్కితే 40 మి.లీ. వస్తాయి, మణికట్టు మాత్రం రాత్రంతా పీకుతుంది.

ఆఫీసులో వెల్‌నెస్ రూమ్ అని ఒకటుంది. ఒక మంచం, తాళంచెవి సెక్యూరిటీ దగ్గర, తలనొప్పి వచ్చినవాళ్ళంతా అందులోనే. రోజుకు మూడుసార్లు వెళ్ళి అక్కడ కూర్చోవడం కుదరదు, నాకు కాల్స్ ఎక్కువ. అందుకే గొట్టాలూ వైర్లూ లేకుండా బ్రాలోనే ఇమిడిపోయే పంపులు చూస్తున్నాను. ప్రకటనలో అమ్మాయి అది పెట్టుకుని దోసెలు వేసేస్తోంది, యోగా చేసేస్తోంది. నాకు దోసెలు అక్కర్లేదు, ఒక్క కాల్ ప్రశాంతంగా పూర్తయితే చాలు.

ఒకటి కొనాలా, జత కొనాలా? చప్పుడు కాల్‌లో వినబడుతుందా? అసలు పాలు సరిగా వస్తాయా? ఆరు వేల లోపు అనుకుంటున్నాను. ఇక మా అత్తగారు ‘ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పడితే పిల్లకి జలుబు చేస్తుంది’ అంటున్నారు, అది వేరే గొడవ.

కరీంనగర్_పిల్ల | ఏప్రిల్ 7, రాత్రి 11:48

తీస్కో అక్కా, గని ముందుగాల సైజు చూస్కో. నేను పోయినేడు తీస్కున్న. డబ్బల 24 సైజు కప్పు వచ్చింది. ఇరవై నిమిషాలు గుంజింది, అడుగున నాలుగు చుక్కలు. రెండు వారాలు నాకు పాలు ఎండిపోయినయనే ఏడ్చిన. మా ఆయన పౌడర్ డబ్బ గూడ తెచ్చి పెట్టిండు. తర్వాత తెలిసిందేందంటే నా సైజు 17. లోపల పెట్టే చిన్న ఇన్సర్టు తెప్పించుకున్న. అదే పంపు, తెల్లారి 80 వచ్చినయ్. పంపును తిట్టిన తిట్లన్నీ వాపస్ తీస్కున్న.

నిజాంపేట_అమ్మ | ఏప్రిల్ 7, రాత్రి 11:55

24 అంటే ఏమిటి? బ్రా సైజుని బట్టి ఉంటుందా?

కరీంనగర్_పిల్ల | ఏప్రిల్ 8, రాత్రి 12:02

బ్రా సైజుతోని పని లేదక్కా, ఇది మిల్లీమీటర్లు. నర్సక్క పొద్దుగాల చూస్తది, ఆమె మంచిగ చెప్తది.

నవజాత_నర్సు | ఏప్రిల్ 8, ఉదయం 6:35

నైట్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నాను, అచ్చుతప్పులు క్షమించండి.

24 అంటే పాలు లాగే గరాటు గొంతు వెడల్పు. దీన్నే ఫ్లాంజ్ అంటారు. కొలవాల్సింది చనుమొన అడుగున, అడ్డంగా. చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని కలపకండి. పాలిచ్చిన వెంటనే కొలవొద్దు, అప్పుడది సాగి ఉంటుంది. స్కూలు పిల్లల స్కేలు చాలు. వచ్చిన కొలతకి దగ్గర్లో ఉన్న సైజుతో మొదలుపెట్టండి, కాస్త అటూ ఇటూ మార్చి చూసుకోండి. రెండు వైపులా ఒకే కొలత ఉండాలని కూడా లేదు. పంపు నడుస్తుంటే మొన గొట్టంలో ముందుకీ వెనక్కీ తేలిగ్గా కదలాలి, గోడలకి ఒరుసుకోకూడదు, వలయం లోపలికి పెద్దగా లాక్కుపోకూడదు. తీశాక మొన తెల్లగా పాలిపోయినా, పుండైనా, చుట్టూ గాడి పడినా సైజు తప్పినట్టే. బ్రాలో పెట్టుకునే వాటితో చిక్కేమిటంటే, మొన మధ్యలో కూర్చుందో లేదో పైనుంచి సరిగా కనబడదు. కొన్నాళ్ళు అద్దం ముందు నిలబడి పెట్టుకోండి.

సైజు తర్వాత చూడాల్సింది చేపు, అంటే రొమ్ములో ఉన్న పాలు కిందికి దిగడం. బిడ్డ రొమ్ము పట్టగానే ముందు గబగబా చప్పరిస్తుంది, పాలు చేపుకొచ్చాక నిదానంగా, లోతుగా లాగి మింగుతుంది. పంపులో మొదటి మోడ్ ఆ గబగబాకి నకలు, రెండోది ఆ నిదానానికి నకలు. పెట్టగానే లెవెల్ తొమ్మిదికి తోసేవాళ్ళని రోజూ చూస్తుంటాను. గట్టిగా లాగితే ఎక్కువ వస్తాయనుకుంటారు. పాలను బయటికి తోసేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. నొప్పీ కంగారూ దానికి అడ్డు పడతాయి. మొదటి మోడ్‌లో రెండు నిమిషాలు ఉంచండి, పాలు దిగుతున్నాయని తెలిశాక రెండోదానికి మార్చండి. నొప్పి పుట్టకుండా ఎంతవరకు పెంచగలరో అదే మీ లెవెల్, పక్కవాళ్ళ లెవెల్ మీకు పనికిరాదు. ధార తగ్గాక మళ్ళీ మొదటి మోడ్‌కి వస్తే చాలామందికి రెండోసారి చేపు వస్తుంది. అంతా కలిపి 15 నుంచి 20 నిమిషాలు.

మీ పాపకి నాలుగు నెలలు దాటాయి, పాలు కుదురుకున్నాయి కాబట్టి ఈ రకం మీకు పనికొస్తుంది. మా వార్డులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లులకి మాత్రం దీన్ని నమ్ముకోవద్దనే చెబుతాను. బిడ్డ రొమ్ము పట్టలేనప్పుడు మొదటి గంటల్లోనే చేత్తో ముర్రుపాలు తీయడం మొదలుపెట్టాలి. ఆపైన పెద్ద మోటారున్న జంట పంపుతో రాత్రీ పగలూ కలిపి ఎనిమిది సార్లు తీస్తేగానీ పాలు పడవు. బ్రాలో పట్టేంత మోటారు ఆ బరువు మొయ్యలేదు.

గోదారి_అమ్మమ్మ | ఏప్రిల్ 8, ఉదయం 9:10

చేపు అన్న మాట చూసి ప్రాణం లేచొచ్చిందమ్మా నర్సమ్మా. ఇప్పటి పిల్లలకి ఆ మాటే తెలీదనుకున్నాను.

మా గేదె దూడని విడిస్తేగానీ చేపేది కాదు. ఒక ఏడు దూడ చచ్చిపోతే మా మామగారు దాని తోలులో గడ్డి కుక్కించి తెచ్చి ముందు నిలబెట్టారు. గేదె దాన్ని నాకుతూ నిలబడేది, మా అత్తగారు పితికేది. పాపం అనిపించేది, కానీ పాలు దిగేవి. మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ పంపు పెట్టుకునేటప్పుడు ఫోనులో పిల్లాడి వీడియో చూసుకునేది. నాకు ఆ గడ్డి దూడ గుర్తొచ్చి నవ్వాగలేదు. అమ్మాయికి చెబితే వారం రోజులు నాతో మాట్లాడలేదనుకో.

ఇక నీ అత్తగారి సంగతి. నేనూ మొదట అలాగే అన్నాను తల్లీ. ఫ్రీజర్‌లో సంచుల్లో పాలు చూసి ఏదోగా అనిపించింది. వాదన పెట్టుకోకు. ఆవిడకే పని అప్పగించు. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసా పెట్టడం, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవడం, పట్టడం అన్నీ ఆవిడ చేతే చేయించు. మా మనవడికి జలుబూ లేదు గిలుబూ లేదు. ఒక్కటి గుర్తుంచుకో, పట్టేటప్పుడు నువ్వు ఆ గదిలో ఉండకు. నీ వాసన తగిలితే పిల్ల సీసా వంక చూడదు. ఆఫీసుకి వెళ్ళే రోజు దాకా ఆగకుండా ఇప్పుడే అలవాటు చేయి.

తెలగపిండిలో మునగాకు వేసి కూర వండించుకో, వెల్లుల్లి దండిగా వేసి. పాలు పడతాయి.

నవజాత_నర్సు | ఏప్రిల్ 8, సాయంత్రం 5:40

పిన్నిగారూ, గడ్డి దూడ సంగతి ఈ రాత్రి వార్డులో అందరికీ చెబుతాను. మీ అమ్మాయి చేసిందే నేనూ చెప్పేది: పాప వీడియో, పాప వాడిన బట్ట పక్కన పెట్టుకోవడం, అన్నీ పనిచేస్తాయి.

కూర తినండి, మంచిదే. పాలు పెరిగేది మాత్రం ఖాళీ అవడం వల్ల. రొమ్ము నిండుగా ఉండిపోతే తయారీ మందగిస్తుంది. ఆఫీసులో ఒక విడత తప్పితే కొంప మునగదు, రోజూ అదే విడత తప్పుతుంటే ఆ వేళకి పాలు అక్కర్లేదని ఒళ్ళు నేర్చుకుంటుంది.

డల్లాస్_తల్లి | ఏప్రిల్ 8, రాత్రి 8:15

ఇక్కడ 2010 నాటి ఆరోగ్య చట్టం వల్ల పంపు బీమాలోనే వస్తుంది. నాకు ప్లగ్గు పంపు ఉచితం, బ్రాలో పెట్టుకునేదానికైతే పైన తేడా కట్టమన్నారు. ప్లగ్గుది తీసుకున్నాను, రెండోది సొంత డబ్బుతో కొన్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే అదే సరైన జోడీ అనిపిస్తుంది. పొద్దున లేవగానే పాలు ఎక్కువ ఉంటాయి, అప్పుడు ప్లగ్గుది. ఆఫీసులో బ్రాలోది.

వీటిలో రెండు రకాలున్నాయి, అది ఎవరూ చెప్పలేదు. ఎల్వీ, విల్లో, మొమ్‌కోజీ పేర్లతో ఎక్కువగా కనబడేవి మోటారు కప్పులోనే ఉండే రకం. ఇంకో రకంలో కప్పులు మాత్రమే బ్రాలో ఉంటాయి, మోటారు అరచేతిలో పట్టే డబ్బాగా నడుముకో జేబులోనో ఉంటుంది, మధ్యలో సన్నని గొట్టం. మెడెలా ఫ్రీస్టైల్ హ్యాండ్స్‌ఫ్రీ, ఎల్వీ స్ట్రైడ్ ఈ రెండో రకం. మోటారు బయట ఉంది కాబట్టి కప్పు తేలిగ్గా, తక్కువ ఉబ్బుగా ఉంటుంది. మీ దగ్గర ప్లగ్గు పంపు ఉంటే దాని గొట్టానికే తగిలించుకునే కప్పులు విడిగా కూడా దొరుకుతాయి, చవక. కొనేముందు బ్యాటరీ సంగతి చూసుకోండి. ఉదాహరణకి స్పెక్ట్రా కంపెనీ పంపుల్లో ఎస్1కి లోపల బ్యాటరీ ఉంది, ఎస్2కి ప్లగ్గు ఉండాల్సిందే. మా అమ్మగారి ఊళ్ళో ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఆ తేడా బాగా తెలిసొచ్చింది.

విశాఖ_బ్యాంకమ్మ | ఏప్రిల్ 9, ఉదయం 7:05

అందరూ కొనమంటున్నారు, నేను వద్దంటాను.

నాది కౌంటరు ఉద్యోగం. జత కొన్నాను, నాలుగు నెలలు వాడాను, మూలన పడేశాను. చేతులు ఖాళీగా ఉంటాయన్నది నిజం, ఒళ్ళు ఖాళీగా ఉండదు. వంగకూడదు, పక్కకి ఒరగకూడదు. ఒకరోజు కింద పడిన వోచరు తీయడానికి వంగాను. అప్పటికి కప్పులో వంద దాటి ఉన్నాయి, జాకెట్టు మీద నుంచి కుచ్చిళ్ళ దాకా జారిపోయాయి. ఆ రోజు చీర లేత గులాబీ రంగు. సాయంత్రం దాకా స్టోర్‌రూమ్‌లో ఆరబెట్టుకున్నాను. పాలు పోయినందుకు ఏడ్చాను, చీర గురించి కాదు.

ఆ తర్వాత ఒక ఆయా నాకు చేత్తో తీయడం నేర్పింది. వలయం అంచు వెనకాల బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, వెనక్కి ఛాతీ వైపు నొక్కి, ఆపైన రెండు వేళ్ళూ దగ్గరికి తేవడం. జారకూడదు, సాగదీయకూడదు. వారం రోజుల్లో చేయి తిరిగింది. పావుగంటలో 90 తీసేదాన్ని, ఛార్జింగ్ లేదు, కడగడానికి ఒక్క గిన్నె. మెషీన్ కొనే డబ్బుతో ముందు ఇది నేర్చుకోండి.

గది గురించి కూడా ఒక మాట. గది లేదని బ్రాలో పెట్టుకునేది కొనడం అంటే వాళ్ళు ఇవ్వాల్సింది మనం కొనుక్కోవడమే. బిడ్డకి 15 నెలలొచ్చేదాకా మామూలు విరామాలకి అదనంగా రోజుకు రెండు విరామాలు చట్టంలోనే ఉన్నాయి. సెలవుని 26 వారాలకి పెంచిన 2017 సవరణలోనే, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళొచ్చనీ పెట్టారు. నోరు తెరిచి అడగండి.

కరీంనగర్_పిల్ల | ఏప్రిల్ 9, ఉదయం 7:40

అక్కా మీరన్నది నిజమే గని, అందరికి చేత్తోని రాదు. నేను ఆర్నెల్లు ట్రై చేసిన, వేళ్ళు నొచ్చుడు తప్ప ఏం కాలే. గది అడిగితే మా మేనేజరు ‘చూద్దాం’ అన్నడు, ఆ చూసుడు ఇంకా అయితనే ఉన్నది. అందాక బిడ్డ ఆగుతదా?

విశాఖ_బ్యాంకమ్మ | ఏప్రిల్ 9, ఉదయం 7:52

ఆగదు, నిజమే. అయినా అడగడం మానొద్దంటున్నాను. రెండూ చేయండి.

నవజాత_నర్సు | ఏప్రిల్ 9, ఉదయం 8:30

ఒలకడం గురించి: చాలా కప్పులు 150 నుంచి 180 మి.లీ. దాకా పడతాయి, కానీ 100 దాటాక జాగ్రత్తగా ఉండాలి. అయిపోయాక ముందు మోటారు ఆపండి, కాస్త ముందుకి వాలండి, కప్పు పై అంచు దగ్గర వేలు దూర్చి పట్టు వదిలించండి, ఆ తర్వాత నిటారుగానే తీయండి. పట్టు వదలకుండా లాగితే సగం పాలు ఒళ్ళోనే.

చేత్తో తీయడం నేర్చుకోమన్న మాటకి నా రెండు చేతులూ ఎత్తుతాను. పంపు అయ్యాక రెండు నిమిషాలు చేత్తో తీస్తే ఇంకో 15, 20 మి.లీ. వస్తాయి చాలామందికి. ఒకరోజు ఛార్జింగ్ అయిపోతుంది, ఆ రోజు మీ చెయ్యే పంపు.

మియాపూర్_బొమ్మ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:15

నాది ఒకటుంది, మూడు నెలలే వాడాను, డబ్బాతో సహా 2,500. కావాలంటే మెసేజ్ చేయండి.

మోడరేటర్ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:40

అమ్మకాలు ఈ విభాగంలో వద్దండి.

నవజాత_నర్సు | ఏప్రిల్ 9, సాయంత్రం 4:20

అమ్మకం సంగతి అటుంచితే, ఒకరు వాడినది ఇంకొకరు వాడొద్దు. ఆసుపత్రి పంపులు పలువురు వాడేలా కట్టినవి, తల్లికో కిట్టు మారుస్తాం. ఇంటి పంపులు ఒక్కరికోసం. పైకి కడిగినంత మాత్రాన మోటారు వైపు పాలు పోలేదని చెప్పలేం, బూజు పట్టినా మనకి కనబడదు. పైగా మోటారు అప్పటికే సగం అరిగి ఉంటుంది.

చంటోడి_నాన్న | ఏప్రిల్ 9, రాత్రి 10:30

ఇక్కడ మగాళ్ళు రాయొచ్చో లేదో తెలీదు. మా ఇంట్లో పంపు వాడేది ఆవిడ, కడిగేది నేను. కాబట్టి నాకూ కొంత హక్కుందనుకుంటున్నాను.

కొనేముందు ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టుకోండి. మా దానిలో ఒక్కోవైపు ఐదు: సిలికాన్ ఫ్లాంజ్, డయాఫ్రం అనే పల్చటి మూత, బాతు ముక్కులా ఉండే డక్‌బిల్ వాల్వ్, వాటిని కలిపే ముక్క, పాలు పడే కప్పు. మోటారు ఆరోది, దానికి నీళ్ళు తగలకూడదు. జత అంటే పది ముక్కలు, రోజుకు మూడుసార్లు, ముప్పై ముక్కలు కడగాలి. రెండో జత విడిభాగాలు కొన్నాకే నేను మనిషినయ్యాను.

బాతు ముక్కు దగ్గర జాగ్రత్త. అదే ఈ యంత్రానికి గుండెకాయ. దాని చీలిక కాస్త సాగినా, చిరిగినా, నోరు తెరుచుకుని ఉన్నా లాగుడు సగం పడిపోతుంది. మా ఆవిడ పాలు తగ్గాయని మూడు రోజులు దిగులుపడింది. చూస్తే నేనే బ్రష్షు పెట్టి తోమి తోమి దాన్ని చింపాను. బ్రష్షు పెట్టకండి, సబ్బునీళ్ళలో ఆడించి, వేళ్ళతో మెల్లిగా రుద్ది, కడిగి, గాలికి ఆరబెట్టండి. తడి ఉంటే సరిగా అతుక్కోదు. రోజూ వాడేవాళ్ళకి రెండు మూడు నెలలకోసారి మార్చాల్సి రావచ్చు, రెండు జతలు ముందే కొని పెట్టుకోండి. సింకులో నేరుగా కడగకండి, దీనికంటూ ఒక టబ్బు పెట్టండి. మొదటి నెలలో ఒక వాల్వ్ సింకు రంధ్రంలోంచి వెళ్ళిపోయింది, ఆ రాత్రి పైపు విప్పింది నేనే.

ఉడకబెట్టడం గురించి. స్టవ్ మీద పెట్టి ఐపీఎల్‌లో చివరి ఓవరు చూడ్డానికి వెళ్ళాను. సూపర్ ఓవరు పడింది. వచ్చేసరికి నీళ్ళు లేవు, కప్పు గిన్నెకి అతుక్కుని అప్పడమైంది. అప్పట్నుంచి ఫోన్‌లో టైమరు పెట్టకుండా స్టవ్ వెలిగించను.

నిజాంపేట_అమ్మ | ఏప్రిల్ 9, రాత్రి 11:05

మా ఆయనకి మీ పోస్టు చూపించాను. ‘నేను ఐపీఎల్ చూడను కదా’ అన్నారు. కడుగుతానని మాత్రం అనలేదు.

బెంగుళూరు_కవలలు | ఏప్రిల్ 10, ఉదయం 11:00

లేటుగా వచ్చాను, కవలలు, కారణం అడక్కండి.

చప్పుడు గురించి: వినబడుతుంది. ప్రకటనలో నిశ్శబ్దం అంటారు, నిజానికి వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను టేబుల్ మీద మోగినట్టు ఉంటుంది. కాల్‌లో మైకు ఆపి ఉంచితే సమస్య లేదు. ఒకసారి మాట్లాడాల్సి వచ్చి మైకు వేశాను, ‘ఎవరిదో ఫోన్ మోగుతున్నట్టుంది’ అన్నారు. ‘అవును, మోగుతోంది’ అన్నాను. మందపాటి చున్నీ వేస్తే చాలా తగ్గుతుంది. ఎదుటి మనిషితో చిన్న గదిలో కూర్చుంటే మాత్రం దాచలేం, దాచాల్సిన పని కూడా లేదు.

ఒకటా జతా అంటే జతే కొనండి. ఒక్కటైతే అరగంట పని గంట అవుతుంది. డబ్బు చాలకపోతే ఒకవైపు పంపు, రెండోవైపు ఊరికే అంటుకుని కారే పాలు పట్టే సిలికాన్ కప్పు పెట్టుకోవచ్చు. చేపు రెండువైపులా ఒకేసారి వస్తుంది కదా, ఆ రెండోవైపు పాలు ప్యాడ్‌లోకి పోకుండా ఉంటాయి.

బ్రా మరీ బిగువుగా ఉంటే కప్పు రొమ్ముని నొక్కి పాలు ఆగిపోతాయి, వదులుగా ఉంటే కప్పు జారి పట్టు పోతుంది. ముందువైపు క్లిప్పులు విప్పే ఫీడింగ్ బ్రా, మామూలు కంటే కాస్త సాగేది తీసుకోండి. వైరు ఉన్నవి వద్దు.

ఎన్ని తీయాలి అన్న లెక్క మీరు అడగలేదు, కానీ రాత్రిళ్ళు నిద్రపట్టనిది దానివల్లే. ఒకటి నుంచి ఆరు నెలల పిల్లలు రోజుకి సుమారు 750 మి.లీ. తాగుతారు, అంటే గంటకి 30 చిల్లర. మీరు పదిన్నర గంటలు బయట ఉంటారు, 350 దాకా చాలు. మూడుసార్లు తీస్తే ఒక్కోసారి 110, 120. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్రీజర్ నిండా సంచులు పేర్చినవాళ్ళని చూసి బెంబేలు పడకండి. ఈరోజు తీసినవి రేపటికి. మొదటి రోజుకి సరిపడా, ఇంకో రోజుకి మిగిలేలా ముందే పెట్టుకుంటే బండి నడుస్తుంది.

నిల్వ: బయట నాలుగు గంటలు అని ఎక్కడ చూసినా ఉంటుంది, కింద చిన్నక్షరాల్లో 25 డిగ్రీల లోపు అని కూడా ఉంటుంది. ఏప్రిల్‌లో మీ హైదరాబాద్‌లో ఆ లెక్క ఏసీ గదికే, క్యాబ్‌కి కాదు. తీసిన వెంటనే ఆఫీసు ఫ్రిజ్‌లో, లేదా ఐస్ ప్యాకులున్న సంచిలో పెట్టండి. ఐస్ కరగకుండా ఉంటే ఆ సంచిలో 24 గంటలు ఉంటాయి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపులో కాకుండా లోపలికి. ఫ్రీజర్‌లో ఆరు నెలలు. గడ్డకట్టినవి ఫ్రిజ్‌లో కరిగాక ఒక రోజులో వాడేయాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. పాప తాగి వదిలేసినవి రెండు గంటలే. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట మరుగుతాయి ఒకచోట చల్లగా ఉంటాయి. పైన మీగడలా తేలితే భయపడకండి, సీసాని మెల్లిగా తిప్పితే కలుస్తుంది.

నా పాలు ఫ్రీజర్‌లోంచి తీస్తే సబ్బు వాసన వచ్చేవి. లైపేజ్ అనే ఎంజైము కొవ్వుని విరగ్గొట్టడం వల్లట, చెడిపోయినట్టు కాదు. ఒకడు తాగేవాడు, రెండోవాడు ఉమ్మేసేవాడు. పది సంచులు నింపాక తెలిసింది. మీరు ముందు ఒక్కటి గడ్డకట్టించి, వారం తర్వాత పట్టి చూడండి.

కరీంనగర్_పిల్ల | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 12:10

మిగిలిపోయేటన్ని ఉంటే పారబొయ్యకుండ్రి. మన హైదరాబాద్ నీలోఫర్ దవాఖానల ధాత్రి అని తల్లిపాల బ్యాంకు ఉన్నది. అడిగి ఇయ్యుండ్రి.

కొత్త_సభ్యురాలు_బెజవాడ | ఏప్రిల్ 11, రాత్రి 2:30

క్షమించండి, మధ్యలో దూరుతున్నాను. వారం నుంచి ఇలాంటిదే వాడుతున్నాను. నిన్నట్నుంచి ఎడమవైపు పక్కన గట్టిగా గడ్డలా ఉంది, ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. రాత్రి చలిజ్వరం వచ్చింది. మా అమ్మ వేడి కాపడం పెట్టి గట్టిగా పిసుకుతోంది. పంపు లెవెల్ పెంచి మొత్తం తీసేయమంటారా?

నవజాత_నర్సు | ఏప్రిల్ 11, రాత్రి 2:41

వద్దమ్మా, లెవెల్ పెంచొద్దు. పిసకడం ఇప్పుడే ఆపమని అమ్మగారికి చెప్పు. లోపల వాపు ఉంది, నొక్కితే ఇంకా పెరుగుతుంది. పాత పద్ధతి వేడి, పిసుకుడు, ఖాళీ చేయడం. 2022లో తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ సంస్థ కొత్త మార్గదర్శకం ఇచ్చింది: చల్లటి కాపడం, మెల్లటి స్పర్శ, అవసరానికి మించి తీయకపోవడం. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టు. పిల్లకి ఎప్పటిలా పాలివ్వు, ఆ వైపు నుంచి కూడా, ఆ పాలు బిడ్డకి చెడు చేయవు. పంపు ఎప్పుడూ తీసేంతే తీయి.

చలిజ్వరం, ఎరుపు రెండూ ఉన్నాయి కాబట్టి తెల్లారగానే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆగి చూద్దాం అనుకోకు, చీము పట్టేదాకా తేకూడదు. తర్వాత తీరిగ్గా నీ కప్పు సైజూ, బ్రా బిగువూ చూద్దాం. కప్పు అంచు ఆ గడ్డ ఉన్నచోటే నొక్కుతోందేమో గమనించు.

కొత్త_సభ్యురాలు_బెజవాడ | ఏప్రిల్ 12, సాయంత్రం 6:15

డాక్టరుగారు మందులు రాశారు. జ్వరం దిగింది. కప్పు అంచు సరిగ్గా అక్కడే ఉంది అక్కా. బ్రా ఒక సైజు చిన్నది.

నిజాంపేట_అమ్మ | మే 9, రాత్రి 10:50

మాయమైపోయానని తిట్టుకోకండి. ఆఫీసులో చేరి పది రోజులైంది.

కొన్నది మోటారు కప్పులోనే ఉండే రకం, జత. ఆరు వేలు అనుకుని ఏడున్నర దాకా వెళ్ళాను, విడి వాల్వులతో కలిపి. స్కేలు పెట్టి కొలిస్తే కుడివైపు 19, ఎడమవైపు 17. డబ్బాలో వచ్చింది 24. కరీంనగర్ చెల్లీ, నువ్వు ఆ రాత్రి రాయకపోతే నేనూ రెండు వారాలు ఏడ్చేదాన్ని.

మొదటి రోజు 11 గంటలకి 45, రెండున్నరకి 60. మూడోది వేయలేకపోయాను. ఏడుపొచ్చింది. కాల్‌లో ఉండి తీశాను, చెవి కాల్ మీద, మనసు మైకు ఆగి ఉందా లేదా అన్నదాని మీద, చేపు ఎలా వస్తుంది? గడ్డి దూడ గుర్తొచ్చింది. మర్నాడు మొదటి పది నిమిషాలు కాల్ లేకుండా పాప వీడియో పెట్టుకుని కూర్చున్నాను, చేపు వచ్చాకే కాల్‌లోకి వెళ్ళాను. 95 వచ్చాయి. ఇప్పుడు రోజుకి 300 దగ్గర నిలబడింది. పొద్దున బయల్దేరేముందు పాప ఒకవైపు తాగుతుంటే రెండోవైపు పెట్టి ఇంకో 60 తీస్తున్నాను.

బ్యాంకమ్మగారూ, మీ మాట పట్టుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, 15 నెలలు, రెండు విరామాలు అన్నీ రాసి. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వెల్‌నెస్ రూమ్‌కి లోపల గడియ పెట్టించారు, 11 నుంచి 11:30, రెండున్నర నుంచి మూడు నా పేరు మీద తలుపుకి కాగితం అంటించారు. పక్క టీమ్ అమ్మాయి వచ్చి, జూన్‌లో తనూ తిరిగి చేరుతోందట, తన వేళలు కూడా రాయించుకుంది. గది దొరికాక బ్రాలోది ఎందుకు కొన్నానా అనుకున్నాను, కానీ మూడో విడత క్యాబ్‌లోనే అవుతోంది. ఐదున్నరకి ఎక్కి, చున్నీ కప్పుకుని, కొండాపూర్ ట్రాఫిక్‌లో. స్పీడ్‌బ్రేకర్ల దగ్గర మాత్రం కప్పు చేత్తో పట్టుకుంటున్నాను.

అత్తగారు మొదటి వారం సీసా పట్టుకుని కూర్చుంటే పాప మూతి తిప్పేసింది. గోదారి అమ్మమ్మగారు చెప్పినట్టు నేను కింద పార్కులోకి వెళ్ళిపోయాను. నాలుగో రోజు తాగింది. ఇప్పుడు ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం పెట్టుకుని ఏ సీసా ఏ గంటకి అని రాసుకుంటున్నారు, నేను వరస తప్పి పెడితే నన్నే అరుస్తున్నారు.

మా ఆయన కడుగుతున్నారు. నిన్న ఒక వాల్వ్ కనబడలేదు. సింకు పైపు విప్పడానికి ఏ సైజు పానా కావాలి చంటోడి నాన్నగారూ?

చంటోడి_నాన్న | మే 9, రాత్రి 11:04

పానా అక్కర్లేదండి, కింద ప్లాస్టిక్ గిన్నెలాంటిది ఉంటుంది, చేత్తోనే తిరుగుతుంది. ముందు బకెట్ పెట్టమనండి.